శ్రీవిద్య చెప్పిన సగం

బేస్‌బాల్ క్లబ్బులో ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసినప్పుడు, ఈ ఆటలో మీకు నచ్చిన ఆటగాడెవరని శ్రీవిద్యని అడిగారు. తనకి ఒక్క పేరు కూడా తెలియదని ఆమె ఉన్నమాట చెప్పింది. అడిగినతను నవ్వాడు. అభిమానం లేనివాళ్లే తనకి కావాలన్నాడు. వారం తిరక్కుండా ఆఫర్ వచ్చింది.

ఆ అడిగినతని పేరు దామోదర్. షార్లెట్ హెరన్స్ క్లబ్బులో గణాంకాల విభాగానికి పెద్ద. కుర్రతనంలో వరంగల్ నుంచి వచ్చి, తెల్లవాళ్లు తాతల నాటి నుంచి ఆడుతున్న ఆటని వాళ్లకే లెక్కలు వేసి చూపించి పైకొచ్చిన మనిషి. ఎదుటివాడు గొంతు పెంచితే తను తగ్గించేవాడు. చుట్టూ ఎంతమంది ఉన్నా శ్రీవిద్యతో తెలుగులోనే మాట్లాడేవాడు. అది ఆత్మీయత అని ఆమె మొదట్లో అనుకుంది. పక్కవాళ్లకి అర్థం కాకూడదని అలా మాట్లాడేవాడని తెలియడానికి కొంతకాలం పట్టింది.

శ్రీవిద్యది విజయనగరం. ఆంధ్రా యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చదివింది. ఇక్కడికొచ్చి మాస్టర్స్ చేశాక ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో చేరి, కారు ప్రమాదాల్లో విరిగిన కాళ్లకీ చేతులకీ ఎంత చెల్లించాల్సి వస్తుందో అంచనా కట్టేది. భర్త రఘు షార్లెట్‌లోనే ఒక బ్యాంకులో ఐటీ ఉద్యోగి. అతనికి క్రికెట్ తప్ప వేరే ఆట ఆటే కాదు. భార్య బేస్‌బాల్‌లో చేరిందంటే స్నేహితుల ముందు కొంచెం సిగ్గుపడ్డాడు కూడా. ఆమెకి మాత్రం పాత పనికీ కొత్త పనికీ పెద్ద తేడా కనబడలేదు. అక్కడా మనిషి ఒంటికి ధర కట్టడమే, ఇక్కడా అంతే.

మొదటి ఏడాది ఆమె ఆటలన్నీ సౌండ్ ఆపేసి చూసింది. అందరూ బంతి విసిరే పిచర్ని చూస్తారు, కొట్టే బ్యాటర్ని చూస్తారు. ఆమె చూపు బ్యాటర్ వెనక ముసుగేసుకుని గొంతుక్కూర్చునే క్యాచర్ మీదికి పోయేది. బంతి బ్యాట్‌కి తగలకుండా వెళ్తే, బ్యాటర్ పక్కన మోకాళ్లకీ ఛాతీకీ మధ్య ఊహించుకునే ఒక చట్రం ఉంటుంది, బంతి ఆ చట్రం హద్దు లోపల నుంచి వెళ్లిందో బయట నుంచి వెళ్లిందో క్యాచర్ వెనక నిలబడ్డ అంపైర్ చెప్పాలి. లోపలైతే పిచర్‌కి లాభం, బయటైతే బ్యాటర్‌కి. సరిగ్గా హద్దు మీద వచ్చే బంతుల్లోనే ఉంది చిక్కంతా. అలాంటి బంతిని చెయ్యి తొణక్కుండా, మెత్తగా, నిండిన పాలగిన్నెని అందుకున్నట్టు పట్టుకుంటే అంపైర్ లోపలే అంటాడు. బంతి వేగానికి చెయ్యి పక్కకి జారితే బయట అంటాడు.

పాత లెక్కల్లో ఈ పనికి చోటు లేదు. ఎన్నిసార్లు బ్యాట్ పట్టి ఎన్నిసార్లు కొట్టాడు, బంతిని మైదానం దాటించి ఎన్ని హోమ్ రన్లు చేశాడు, తన దెబ్బకి ఎంతమంది తోటివాళ్ల చేత పరుగు పూర్తి చేయించాడు, ఇవే ఆ లెక్కలు. టీవీలో ఆటగాడి మొహం కింద పడేవి, జనానికి నోటికొచ్చేవి, జీతం దగ్గర మాట్లాడేవి కూడా ఇవే. క్యాచర్ చేతి మెత్తదనాన్ని కొలిచే లెక్కలు ఈమధ్య వచ్చాయి, ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు కూడా. కానీ వాటిలో పిచర్ గొప్పతనం ఎంతో క్యాచర్ గొప్పతనం ఎంతో కలగాపులగంగా ఉంటుంది. శ్రీవిద్య ఆ రెంటినీ విడదీసే పద్ధతి కనిపెట్టింది. విడదీసి చూస్తే అందరికంటే పైన వచ్చిన పేరు ఎలియాస్ మొంటాల్వో.

ఆ పేరు క్లబ్బులో ఎవరికీ పట్టలేదు. టెక్సాస్ సరిహద్దులో లరేడో ఊరివాడు. ముప్పై ఏళ్లకి దగ్గరపడ్డాడు. ఇంకో క్లబ్బు అతన్ని అదనపు క్యాచర్‌గా బెంచీ మీద కూర్చోబెట్టింది. బ్యాట్ పట్టుకుంటే ఐదుసార్లకి ఒకసారైనా తగిలితే గొప్ప. శ్రీవిద్య తన లెక్క చూపించగానే దామోదర్ చాలాసేపు తెర వైపే చూసి, ఇది ఇంకెవరికైనా చూపించావా అని మాత్రం అడిగాడు. నెల తిరిగేసరికి, ఎవరికీ అక్కర్లేని ఒక కుర్ర పిచర్ని ఇచ్చి మొంటాల్వోని తెచ్చుకున్నారు. మరుసటి వేసవిలో హెరన్స్ పిచర్లందరూ ఒక్కసారిగా బాగుపడ్డారు. పత్రికలు పిచింగ్ కోచ్‌ని మెచ్చుకున్నాయి.

ఆటగాళ్లు గణాంకాల గదికి రావడం అరుదు. వచ్చినా, తమని తగ్గించి చూపిన లెక్క ఎవరు వేశారో తెలుసుకోవడానికే వస్తారు. మే నెలలో ఒక మధ్యాహ్నం మొంటాల్వో గుమ్మం దగ్గర నిలబడి, తనని ఇక్కడికి రప్పించిన ఆవిడ ఎవరని అడిగాడు. భారీ మనిషి, పొట్టి మెడ. కుడిచేతి వేళ్లు విరిగి అతుక్కుని వంకరపోయాయి. తనలో ఆమెకి ఏం కనబడిందో చూపిస్తారా అని మర్యాదగా అడిగాడు. శ్రీవిద్య రెండు వీడియోలు పక్కపక్కన పెట్టింది. ఒకే చోటికి వచ్చిన బంతి, ఇద్దరు క్యాచర్లు. ఒకడి చెయ్యి అదిరింది, ఇతనిది అదరలేదు. అతను దాన్ని మళ్లీ మళ్లీ వేయించుకుని చూశాడు.

"హైస్కూలు నుంచి ఇదే పని చేస్తున్నాను," అన్నాడు. "దీన్ని చూసే మనిషి ఒకరుంటారని నాకు తెలియదు."

అప్పటి నుంచి షార్లెట్‌లో ఆట ఉన్నప్పుడల్లా వచ్చేవాడు. కుర్చీలో కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తాయని నేల మీద గోడకి ఆనుకుని, కాళ్లు చాపుకుని వీడియోలు చూసేవాడు. శ్రీ అనే అక్షరం అతని నోటికి లొంగలేదు. మిస్ విద్యా అని పిలిచేవాడు. మాటల్లో ఒకసారి, ఆగస్టు వచ్చేసరికి ఎడమ మోకాలు కొంచెం వాస్తుందని, క్యాచర్లందరికీ ఉండేదేనని, ఎండ ముదిరిందని చెప్పినంత మామూలుగా చెప్పాడు.

కిందికి వచ్చే బంతులు అతనికి తప్పిపోతున్నాయని శ్రీవిద్య గమనించింది. పూర్తిగా గొంతుక్కూర్చుంటే అతని గ్లవ్ బంతికంటే ఎత్తులో ఉండిపోతోంది. ఎడమ మోకాలు నేలకి ఆనించి చూడమని చెప్పింది. అతను వెంటనే ఒప్పుకోలేదు. చిన్నప్పుడు మోకాలు దించితే బద్ధకమని కోచ్ వీపు మీద కొట్టేవాడట. అయినా జూన్‌లో ఒక ఆటలో దించి చూశాడు. ఆ రోజు నుంచి సీజన్ అయ్యేదాకా, హద్దు మీది బంతులు అతనంత బాగా పట్టినవాడు లీగ్‌లో లేడు. క్రిస్మస్‌కి అతని భార్య మొక్కజొన్న పిండితో ఆవిరి మీద ఉడికించే తమాలేలు చేసి పంపింది. వీళ్లు మాంసం తినరని భర్త చెప్పాడట, బీన్స్ పెట్టి విడిగా వండింది. వాటిలో సగం రఘు నిలబడే తినేశాడు.

ఆ చలికాలంలోనే జీతం సంగతి వచ్చింది. బేస్‌బాల్‌లో మొదటి కొన్నేళ్లు క్లబ్బు ఎంతిస్తే అంతే పుచ్చుకోవాలి. ఆ తర్వాత ఆటగాడికి అడిగే హక్కు వస్తుంది. ఇద్దరికీ కుదరకపోతే ముగ్గురు ఆర్బిట్రేటర్ల ముందు హియరింగ్ జరుగుతుంది. వాళ్లు మధ్యేమార్గం చూపరు. ఆటగాడు అడిగిన అంకె, క్లబ్బు ఇస్తానన్న అంకె, రెంటిలో ఒకటి ఎంచుతారు. ఆటగాడు ఎదురుగా కూర్చుని ఉండగా, అతను ఎందుకు తక్కువవాడో క్లబ్బు గంటసేపు చెబుతుంది. మొంటాల్వో ఇరవై మూడు లక్షల డాలర్లు అడిగాడు. క్లబ్బు పదమూడు అంది. శ్రీవిద్య సొంత లెక్క ప్రకారం ఆ సీజన్‌లో అతను చేసిన పని కోటిన్నరకి తక్కువ కాదు.

దామోదర్ ఆమెని గదికి పిలిచి తలుపు వేశాడు. హియరింగ్‌లో లాయరు పాత లెక్కలు చెబుతాడని, అవతలివాళ్లు తెచ్చే కొత్త లెక్కలకి జవాబు ఆమె చెప్పాలని అన్నాడు. ఆర్బిట్రేటర్లు కార్మిక చట్టాల లాయర్లు, బేస్‌బాల్ మనుషులు కారు. వాళ్లకి బ్యాటింగ్ యావరేజ్ అర్థమవుతుంది, హద్దు మీది బంతి అర్థం కాదు. అర్థం కానిది నమ్మదగ్గది కూడా కాదనిపిస్తే చాలు. పైగా, అందరికీ అందుబాటులో ఉన్న లెక్కలే అక్కడ చెల్లుతాయి. క్లబ్బు సొంతంగా వేసుకున్నవి చెల్లవు.

మనమే కదా అతను గొప్పవాడని తెచ్చుకున్నామని శ్రీవిద్య అంది.

"తెచ్చుకునేటప్పుడు ఆ లెక్క, ఇచ్చేటప్పుడు ఈ లెక్క," అన్నాడు దామోదర్ నెమ్మదిగా. "నువ్వు అబద్ధం చెప్పే పని లేదు. ఉన్నదాంట్ల సగం చెప్పు, చాలు. తక్కిన సగం అడిగేటోడు ఆ గదిల ఎవడూ ఉండడు."

వేరే ఎవరైనా చెబితే బాగుంటుందేమో అని అడిగింది. నువ్వే ఎందుకంటే, నువ్వు చెబితే వాడు తట్టుకోలేడు, వాడి మొహం చూస్తే ఆర్బిట్రేటర్లకి నమ్మకం కుదురుతుంది అని దామోదర్ వివరించాడు. గ్రీన్ కార్డు మాట ఎత్తలేదు, ప్రమోషన్ మాట ఎత్తలేదు. ఆమె ఒప్పుకోవడానికి అతను బెదిరించాల్సిన అవసరం రాలేదు. ఆ గదిలోకి గణాంకాల విభాగం నుంచి అప్పటిదాకా దామోదర్ తప్ప ఎవరూ వెళ్లలేదు. తనని పిలిచారన్న సంతోషం కారు దాకా నడిచేటప్పుడే ఆమెకి తెలిసింది. ఇంట్లో చెబితే రఘు తేలిగ్గా తీసేశాడు.

"ఏడాదికి పదమూడు లక్షల డాలర్లు తీసుకునేవాడి మీద జాలేంటి విద్యా? నా జీతం తక్కువని నేను ఎవరి ముందు కూర్చుని ఏడవాలి?"

ఆ మాట ఆమెకి బాగా పనికొచ్చింది. హియరింగ్ దాకా ఎప్పుడు మనసు మెదిలినా అదే తలుచుకుంది.

ఫిబ్రవరిలో ఫ్లోరిడాలో ఒక హోటల్లో హియరింగ్. ఉదయం లిఫ్టులో దామోదర్, శ్రీవిద్య ఉండగా మొంటాల్వో, అతని తరఫున వాదించే ఏజెంటు ఎక్కారు. మొంటాల్వో సూటు వేసుకున్నాడు. కాలరు మెడకి పట్టక చర్మం ఎర్రగా ఒరుసుకుపోయింది. దామోదర్ లిఫ్టు తలుపు వైపు చూస్తూ, వాతావరణం గురించి మాట్లాడుతున్న గొంతుతో తెలుగులో అన్నాడు.

"మెడకాయ చూడు, ఎట్ల చస్తున్నడో. లోపలికి పోయినాక ఇంకెంత చెమట పడతదో."

శ్రీవిద్య నవ్వలేదు కానీ పెదవి కదిలింది. అది తన కోసమే అనుకుని మొంటాల్వో కూడా నవ్వాడు. మీరు వచ్చారా, మంచిదైంది, వాళ్లకి ఆ వీడియోలు చూపించండి అన్నాడు. లెక్కలకి పక్షాలు ఉండవని అతని నమ్మకం. ఏజెంటు అతని మోచేయి పట్టుకుని లిఫ్టు దిగీదిగకముందే పక్కకి లాక్కుపోయాడు.

గదిలో ఏజెంటు ముందు మాట్లాడాడు. హద్దు మీది బంతుల్లో మొంటాల్వో లీగ్‌లో ముందున్నాడని, అది క్లబ్బుకి ఎన్ని పరుగులు మిగిల్చిందని రంగురంగుల బొమ్మలు చూపించాడు. ఆర్బిట్రేటర్లలో పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత క్లబ్బు లాయరు లేచి మొంటాల్వో బ్యాటింగ్ యావరేజ్ చెప్పాడు. తర్వాత అంతే జీతం అడిగే క్యాచర్ల యావరేజ్‌లు చెప్పాడు. ఇతను ఎన్నిసార్లు బంతి తగలక వెనుదిరిగాడో, అవసరమైన సమయంలో ఎంతమంది తోటివాళ్లని పరుగు పూర్తికాకుండా మైదానంలోనే వదిలేశాడో ఒక్కొక్కటే చదివాడు. మొంటాల్వో తల ఊపుతూ విన్నాడు. అవన్నీ అతనికి తెలిసినవే. చిన్నప్పటి నుంచి విన్నవే.

తర్వాత శ్రీవిద్య లేచింది. ఏజెంటు చూపించిన అంకెలో పిచర్ వాటా ఎంతో క్యాచర్ వాటా ఎంతో తేల్చే నమ్మకమైన పద్ధతి అందుబాటులో ఉన్న లెక్కల్లో లేదని చెప్పింది. హెరన్స్ పిచర్లు ఆ ఏడాది బాగా రాణించారని, ఆ మెరుపులో కొంత క్యాచర్ మీద పడి ఉండవచ్చని చెప్పింది. ఒక ఏడాది పైన ఉన్నవాళ్లు మరుసటి ఏడాది కిందికి రావడం మామూలని గ్రాఫు చూపించింది. చెప్పిన మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఆ వాటాలు తేల్చే పద్ధతి కనిపెట్టింది తనే అనీ, తేల్చి చూస్తే గొప్పతనం మొంటాల్వోదే అనీ మాత్రం చెప్పలేదు. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని రాసుకోవడం మొదలుపెట్టాడు.

మొంటాల్వో తల ఊపడం ఆపేశాడు.

జవాబిచ్చే వంతు వచ్చినప్పుడు ఏజెంటు తెలివిగా ఒక మాట పట్టుకున్నాడు. పిచర్లు ఏడాది పొడుగునా వాళ్లే, కానీ క్యాచర్ అంకెలు జూన్ తర్వాతే పెరిగాయి కదా, అంటే ఇది పిచర్ల మెరుపు ఎలా అవుతుందని అడిగాడు. గట్టి ప్రశ్న. పెద్దాయన శ్రీవిద్య వైపు చూశాడు, జూన్‌లో ఏం మారిందని అడిగాడు. లాయరు కాగితాలు తిరగేస్తున్నాడు. దామోదర్ ఆమె వైపు తిరగలేదు.

ఆటగాడికి శారీరక లోపం ఏదైనా ఉంటే దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చని నిబంధనల్లో ఉంది. అది శ్రీవిద్య చదివింది. అది వాడమని ఎవరూ చెప్పలేదు.

"జూన్ నుంచి అతను ఎడమ మోకాలు నేలకి ఆనించి ఆడుతున్నాడు," అంది. "ఎడమ మోకాలు వాస్తుంది. క్యాచర్‌గా మామూలు భంగిమలో అతను ఎంతకాలం కూర్చోగలడన్నది క్లబ్బుకి ఆందోళన కలిగించే విషయం."

మోకాలు దించమన్నది ఆవిడే అని మొంటాల్వో గొంతు వినిపించింది. పెద్దగా అనలేదు. ఆటగాడు చెప్పదలచుకున్నది తన ప్రతినిధి ద్వారా చెప్పాలని పెద్దాయన గుర్తుచేశాడు. ఏజెంటు ఏదో చెప్పబోయాడు కానీ అప్పటికి వాళ్ల సమయం అయిపోయింది. వాపు సంగతి నిజమేనా అని అతను మొంటాల్వోని గుసగుసగా అడగడం, మొంటాల్వో జవాబు చెప్పకపోవడం గదిలో అందరూ చూశారు.

అయ్యాక ఇరుపక్షాలూ చేతులు కలపడం ఆనవాయితీ. మొంటాల్వో లాయరుకి చెయ్యిచ్చాడు, దామోదర్‌కి ఇచ్చాడు. శ్రీవిద్య దగ్గరికి వచ్చి ఆగాడు.

"నేను నేల మీద కూర్చున్నది కూడా రాసి పెట్టుకున్నారా?"

లేదని చెప్పింది. అది నిజమే.

మర్నాడు తీర్పు వచ్చింది, క్లబ్బు గెలిచింది. పదిలక్షలు మిగిలినందుకు కాదు, ముందు ముందు ఆటగాళ్లు క్లబ్బుతో హియరింగ్ దాకా రావడానికి జంకుతారని యజమానులు సంతోషించారు. ఏజెంటు జూన్ మాట ఎత్తినప్పుడు తన గుండె ఆగినంత పనైందని, ఆ జవాబు ఎక్కడి నుంచి తీసినవని దామోదర్ భోజనాల దగ్గర అడిగాడు. అతని గొంతులో మెప్పుతో పాటు కొంచెం జాగ్రత్త కూడా వినబడింది. ఆ వేసవికి శ్రీవిద్య డైరెక్టర్ అయింది. తెలుగు సంఘం వాళ్లు ఉగాది వేడుకలో వేదిక మీదికి పిలిచి, బేస్‌బాల్‌లో మన అమ్మాయి అని పరిచయం చేశారు. ఆటగాళ్లందరూ పరిచయమేనా అని ఎవరో అడిగితే రఘు అందుకుని, ఇంటికి తమాలేలు పంపేంత పరిచయం అన్నాడు. శ్రీవిద్య మంచినీళ్ల కోసం లేచి వెళ్లింది.

మొంటాల్వో మళ్లీ గణాంకాల గదికి రాలేదు. అంతకంటే పెద్ద మార్పు మొదటి ఆటలోనే కనబడింది. అతను మోకాలు దించడం మానేశాడు. పూర్తిగా గొంతుక్కూర్చుని, పాతికేళ్ల కుర్రాడిలా, ప్రతి బంతికీ కూర్చున్నాడు, లేచాడు. తన మోకాలు బాగానే ఉందని చూసేవాళ్లందరికీ చూపించాలని అతని పట్టుదల. హియరింగ్‌లో జరిగింది బయటికి పొక్కకూడదు కానీ పొక్కింది. కిందికి వచ్చే బంతులు మళ్లీ తప్పిపోవడం మొదలైంది. శ్రీవిద్య క్యాచింగ్ కోచ్‌తో కబురు పంపింది. వీడియోలు కూడా పంపింది. అతను వాటిని తెరవలేదని కంప్యూటర్‌లో తెలుస్తూనే ఉంది. కారిడార్‌లో ఎదురైతే గోడ వైపు జరిగి దారి ఇచ్చేవాడు.

ఆ ఏడాది అంకెలు పడిపోయాయి. ఒక ఏడాది పైన ఉన్నవాళ్లు మరుసటి ఏడాది కిందికొస్తారని నువ్వు ముందే చెప్పినవు గదా అని దామోదర్ అన్నాడు. హాస్యానికే అన్నాడు. మరుసటి సీజన్ జీతం కోసం మొంటాల్వో హియరింగ్‌కి వెళ్లలేదు. క్లబ్బు ఇచ్చినంతకి సంతకం పెట్టాడు. ఆ సీజన్ ఆగస్టులో, ఎండ కాస్తున్న ఒక ఆదివారం ఆటలో, బంతి అందుకుని లేవబోయి లేవలేకపోయాడు. మోకాలి కీలు లోపలి మెత్తటి పొర చిరిగింది. ఇద్దరు పట్టుకుని తీసుకెళ్తుంటే ఎడమ కాలు నేలకి ఆనకుండా గెంతుతూ వెళ్లాడు. సొంత జట్టు అభిమానులే కొందరు, బ్యాటింగ్ యావరేజ్ వెయ్యికి రెండొందలు కూడా లేనివాడు పోతే పోయాడులే అన్నట్టు, అంతంత మాత్రంగా చప్పట్లు కొట్టారు.

అతను మంచం మీద ఉండగానే లీగ్ కొత్త నిబంధన తెచ్చింది. వచ్చే సీజన్ నుంచి అంపైర్ చెప్పింది తప్పనిపిస్తే ఆటగాడు తన తలమీద తట్టి సైగ చేసి అడగవచ్చు. బంతి హద్దు లోపల నుంచి వెళ్లిందో బయట నుంచి వెళ్లిందో కెమెరాలు చెబుతాయి. కెమెరాల దగ్గర క్యాచర్ చేతి మెత్తదనం చెల్లదు. నవంబరులో దామోదర్ శ్రీవిద్యని మొంటాల్వో విలువ కొత్తగా కట్టమన్నాడు. ఈసారి సగం చెప్పమనలేదు. మొత్తం చెప్పమన్నాడు. ఆమె మొత్తం కట్టింది. మోకాలు, వయసు, కొత్త నిబంధన, బ్యాటింగ్, ఒక్కటీ వదల్లేదు. వచ్చిన అంకె క్లబ్బు ఇచ్చే కనీస జీతానికి కూడా సరిపోలేదు. పాత లెక్కలూ కొత్త లెక్కలూ అతని విషయంలో మొదటిసారి ఒక్క మాట మీదికి వచ్చాయి. మరుసటి వారం క్లబ్బు అతన్ని వదిలేసింది.

డిసెంబరులో అతను శ్రీవిద్యకి ఫోన్ చేశాడు. గొంతులో కోపం లేదు. అదే ఆమెని ఇబ్బంది పెట్టింది. కోపంగా ఉంటే చెప్పడానికి కొన్ని జవాబులు సిద్ధం చేసుకుని ఉంది. ఆపరేషన్ బాగా జరిగిందని, డాక్టర్లు ఆడవచ్చన్నారని చెప్పాడు. అదనపు క్యాచర్‌గానైనా ఎవరైనా తీసుకుంటే చాలన్నాడు. కానీ ఏజెంటు ఏ క్లబ్బుని అడిగినా, అతని మోకాలు ముందు నుంచీ పాడేనట కదా అంటున్నారు.

"మోకాలు దించడం మీ ఆలోచన అని, అప్పటికి అది బాగానే ఉందని, అడిగినవాళ్లకి ఒక మాట చెప్పండి మిస్ విద్యా. కాగితం మీద అక్కర్లేదు. మాట చాలు."

కనుక్కుని చెబుతానంది. ఎవరిని కనుక్కోవాలో అతను అడగలేదు.

ఆమె ఇంకో క్లబ్బులో గణాంకాలు చూసే ఈషాన్‌కి ఫోన్ చేసింది. ఇక్కడే ఆష్‌బర్న్‌లో పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు, ఏటా జరిగే సదస్సుల్లో అక్కా అని పలకరించేవాడు. వాళ్ల క్లబ్బుకి అదనపు క్యాచర్ కావాలని ఆమెకి తెలుసు. మొంటాల్వో మోకాలికి ఆ జూన్‌లో ఏమీ లేదని, భంగిమ మార్చమన్నది తనేనని చెప్పింది. 

"బట్ అక్కా, హియరింగ్‌లో మీరే కదా చెప్పింది, అతని మోకాలు బాగాలేదని?" అన్నాడు ఈషాన్. "ఎవ్రీబడీ నోస్. ఇప్పుడు మీరు బాగుంది అంటే, ఏది నేను మా బాస్‌కి చెప్పాలి?"

ఇప్పుడు చెప్పేదే నిజమంది.

"ఓకే. అయితే మీ మోడల్‌లో అతనికి ఎంత వచ్చింది, ఇప్పుడు?"

 తక్కువ చేసి చెప్పడం ఆమెకి అలవాటైంది, ఎక్కువ చేసి చెప్పడం చేతకాలేదు. వచ్చిన అంకె వచ్చినట్టే చెప్పింది. ఈషాన్ నవ్వలేదు. మాకూ అంతే వచ్చింది అక్కా అన్నాడు. తర్వాత ఇద్దరూ కొత్త నిబంధన గురించి, దాని వల్ల ఎవరి మోడల్ ఎంత మార్చుకోవాల్సి వచ్చిందన్న దాని గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ మాటలు ఆసక్తిగానే ఉన్నాయి.

మొంటాల్వోకి ఆమె తిరిగి ఫోన్ చేయలేదు. మొదటి వారం ఏం చెప్పాలో తోచక చేయలేదు. తర్వాత ఆలస్యమైందని చేయలేదు. అతను ఒకసారి మెసేజ్ పెట్టాడు, మీరు కనుక్కున్నారా అని. దానికి జవాబు రాసి చెరిపేసింది. జనవరిలో అతని ఏజెంటు ఇంకో ఆటగాడి పని మీద వచ్చినప్పుడు, మొంటాల్వో ఆట మానేశాడని, లరేడోలో బావమరిది టైర్ల షాపులో పనిచేస్తున్నాడని దామోదర్‌తో చెబుతుంటే పక్క కుర్చీలో కూర్చుని విన్నది. అక్కడ రోజంతా వంగి లేవాల్సి వస్తుందట. మోకాలు ఊరుకోవడం లేదట. దామోదర్ అయ్యో అన్నాడు ఇంగ్లీషులో. ఏజెంటు వెళ్లాక తెలుగులో, మన డీల్స్‌ల అంత చవకగ పడ్డది వేరేది లేదు అన్నాడు.

ఫిబ్రవరిలో మళ్లీ ఫ్లోరిడా. ఈసారి దామోదర్ రాలేదు. క్లబ్బు తరఫున మొత్తం కేసు శ్రీవిద్యకే అప్పగించాడు. ఆటగాడు ఇరవై ఆరేళ్ల పిచర్. బాగా ఆడుతున్నాడని శ్రీవిద్య మోడల్ చెబుతోంది. గెలిచిన ఆటల పాత లెక్కలో మాత్రం వెనకబడ్డాడు, ఎందుకంటే అతను విసిరిన రోజుల్లో జట్టు బ్యాట్లు పలకలేదు. ఆమె అతను గెలవని ఆటల్ని ఒక్కొక్కటే తేదీలతో సహా చెప్పడం మొదలుపెట్టింది. కొంతసేపటికి ఆ కుర్రాడు తల వంచుకుని ఏడ్చాడు. ఆర్బిట్రేటర్ నీళ్ల గ్లాసు అతని ముందుకి జరిపాడు. అతను తాగేదాకా శ్రీవిద్య మర్యాదగా ఆగింది. తర్వాత ఆగిన చోటు నుంచి మళ్లీ చదివింది.